పాత మ్యాక్‌లో లినక్స్ ఎక్కడ మొరాయిస్తుంది, ఎందుకు?

సంక్షిప్తంగా

పాత ఇంటెల్ మ్యాక్‌ల మీద లినక్స్ చాలావరకు బాగానే నడుస్తుంది. నడవనప్పుడు లోపం ఎక్కువగా నాలుగు చోట్ల దొరుకుతుంది: బూట్ అయ్యే దారి, వైఫై చిప్, గ్రాఫిక్స్ చిప్, బ్యాటరీతో ముడిపడ్డ వేడి. డిస్ట్రో (లినక్స్ రకం) మార్చినా, అంటే ఉబుంటు తీసేసి మింట్ వేసినా, మింట్ తీసేసి ఫెడోరా వేసినా వీటిలో చాలావాటికి మందు దొరకదు. మెషిన్ ఏ ఏడాదిది, లోపల ఏ చిప్ ఉంది అన్నది ముందు తేలాలి. ఆ సంగతి కొనేముందే తేలితే డబ్బు కూడా మిగులుతుంది.

ఈ ప్రశ్న ఇప్పుడెందుకు

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అదే ఏడాది జూన్‌లో ఆపిల్ కూడా ఇంటెల్ మ్యాక్‌లకు చివరి గంట కొట్టేసింది. మ్యాక్‌ఓఎస్ టాహో తర్వాత వచ్చే వెర్షన్లు వాటి మీద నడవవని ప్రకటించింది. ఆ టాహో అయినా 2019, 2020 నాటి నాలుగు ఇంటెల్ మోడళ్లకే దక్కింది. అంతకుముందు వాటిలో చాలావాటికి కొత్త మ్యాక్‌ఓఎస్ అందక ఏళ్లయింది. బ్రౌజర్లు ఒక్కొక్కటిగా పాత మ్యాక్‌ఓఎస్‌ను వదిలేస్తున్నాయి. బ్యాంకు సైటు తెరుచుకోదు, ఆన్‌లైన్ దరఖాస్తు పేజీ సగంలో ఆగిపోతుంది. మెషిన్ మాత్రం చెక్కు చెదరకుండా ఉంటుంది.

ఇలా పక్కన పడ్డ మ్యాక్‌బుక్‌లు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి సెకండ్ హ్యాండ్ మార్కెట్ల మీదుగా జిల్లాలకు వస్తున్నాయి. నల్లగొండలోనైనా పాలమూరులోనైనా డిగ్రీ, ఇంజనీరింగ్ చదివే పిల్లలకు కొత్త లాప్‌టాప్ ధరలో సగం లోపే అల్యూమినియం బాడీ, మంచి స్క్రీన్, మంచి కీబోర్డు దొరుకుతాయంటే ఆశ పుట్టడం సహజం. కోడింగ్ నేర్చుకోవడానికి లినక్స్ ఎలాగూ కావాలి. చిక్కల్లా తర్వాతే మొదలవుతుంది. ఇన్‌స్టాల్ అయ్యాక వైఫై కనబడదు, లేదా తెరంతా తెల్లగా మారి అక్కడే ఆగుతుంది. ఊళ్లోని రిపేర్ షాపులు విండోస్ లాప్‌టాప్‌లకు అలవాటు పడ్డవి కాబట్టి, ‘మ్యాక్‌లో లినక్స్ సెట్ కాదు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. హైదరాబాద్ తీసుకెళ్లి చూపించాలంటే అటూ ఇటూ రెండు వందల కిలోమీటర్లు, ఒక రోజు పని పోయినట్టే. అందుకని జబ్బు ఎక్కడుందో ఇంటి దగ్గరే పోల్చుకోగలగడం ఇక్కడి కొనుగోలుదారుకు నగరవాసికంటే ఎక్కువ అవసరం.

అడుగున రాసి ఉన్న నంబరు చెప్పేది సగమే

మ్యాక్‌బుక్‌ను బోర్లా తిప్పి, మడత దగ్గరున్న బూడిద రంగు అక్షరాల మీద ఫోన్ టార్చి వేస్తే ‘ఏ1278’ లాంటి నంబరు కనిపిస్తుంది. అమ్మేవాళ్లు సాధారణంగా ఈ నంబరే చెబుతారు. పేచీ అంతా ఇక్కడే. 13 అంగుళాల ఏ1278 అనే నంబరు 2008 చివర్లో వచ్చిన మోడల్ నుంచి 2012 మోడల్ దాకా ఒక్కటే. బయటి పెట్టె దాదాపు మారలేదు, లోపల మాత్రం మూడు తరాలు మారాయి. 2008–2010 వాటిలో కోర్ 2 డుయో ప్రాసెసర్, ఎన్విడియా గ్రాఫిక్స్. 2011లో ఇంటెల్ హెచ్‌డీ 3000, 2012లో ఇంటెల్ హెచ్‌డీ 4000. లినక్స్‌కు మొదటిది తలనొప్పి, చివరిది దాదాపు నల్లేరు మీద నడక.

తేడా పట్టించేది అదే వరుసలో ఇంకా చిన్న అక్షరాల్లో ఉండే ఈఎంసీ నంబరు. 2008 చివరి మోడల్‌కు అది 2254, 2012 మోడల్‌కు 2554. ఒక్క అంకె తేడాలో నాలుగేళ్ల దూరం దాగి ఉంది. 13 అంగుళాల మ్యాక్‌బుక్ ఎయిర్ ఏ1466 కథా ఇంతే. ఈఎంసీ 2559 అయితే 2012ది, 2632 అయితే 2013 లేదా 2014ది, 2925 అయితే 2015 లేదా ఆ తర్వాతది. మొదటి దాంట్లో వైఫై తనంతట తానే పనిచేస్తుంది. మిగతా రెంటిలో చెయ్యదు. కారణం కింద వైఫై భాగంలో ఉంది.

ర్యామ్ సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. 2012 నాటి ఏ1278లో ర్యామ్ మార్చుకోవచ్చు. ఆపిల్ 8 జీబీ దాకానే అని చెప్పినా 16 జీబీ వేసినా తీసుకుంటుంది. ఎయిర్‌లో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, 4 జీబీతో కొన్నది ఎప్పటికీ 4 జీబీయే. ఈ రోజుల్లో బ్రౌజర్‌లో పది ట్యాబులు తెరిస్తే ఆ 4 జీబీ చాలదు. దానికి లినక్స్‌ను తిట్టి లాభం లేదు.

బూట్ దగ్గరే ఆగిపోతే

మ్యాక్ ఆన్ చేస్తూ ఆప్షన్ మీట నొక్కి పట్టుకుంటే బూట్ చేయదగ్గ డిస్కుల వరుస వస్తుంది. లినక్స్ పెన్‌డ్రైవ్ అక్కడ నారింజ రంగు బొమ్మతో ‘ఈఎఫ్ఐ బూట్’ అని కనిపించాలి. కనిపించలేదంటే మూడు కారణాల్లో ఒకటి. పెన్‌డ్రైవ్ సరిగ్గా రాయలేదు, లేదా మెషిన్‌కు ఫర్మ్‌వేర్ పాస్‌వర్డ్ ఉంది, లేదా మెషిన్ 2006–2008 నాటిది.

మూడోదాని వెనకున్న పని తీరు కొంచెం విచిత్రం. ఆపిల్ 2006 జనవరిలో ఇంటెల్‌కు మారినప్పుడు తొలి మ్యాక్‌ల ప్రాసెసర్ 32 బిట్‌ది. ఏడాది తిరక్కుండానే 64 బిట్ కోర్ 2 డుయో వచ్చింది. కానీ బూట్ పని చూసే ఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ మాత్రం ఇంకొంతకాలం 32 బిట్‌లోనే ఉండిపోయింది. అంటే 64 బిట్ లినక్స్‌ను నడిపే శక్తి ప్రాసెసర్‌కు ఉంది, దాన్ని లోపలికి పిలిచే ద్వారపాలకుడికి ఆ భాష రాదు. 64 బిట్ బూట్ లోడర్ మాత్రమే ఉన్న పెన్‌డ్రైవ్‌ను ఈ ఫర్మ్‌వేర్ పట్టించుకోదు. పాత బయాస్ పద్ధతిలో బూట్ చేద్దామంటే ఈ మ్యాక్‌లు డీవీడీ నుంచి ఒప్పుకుంటాయి, పెన్‌డ్రైవ్ నుంచి ఒప్పుకోవు. అందుకే వీటికి డీవీడీ రాయడమే దగ్గరి దారి. డీవీడీ పెట్టి ఆప్షన్ నొక్కితే ఆ లినక్స్ డిస్కు కింద ‘విండోస్’ అని పేరు పడుతుంది. బయాస్ పద్ధతిలో బూట్ అయ్యే ప్రతిదాన్నీ ఆపిల్ ఫర్మ్‌వేర్ విండోస్ అనే అనుకుంటుంది. కంగారు పడనక్కరలేదు, అదే ఎంచుకోవాలి.

నిక్కచ్చిగా చెప్పాలంటే ఈ తరం మ్యాక్‌లను ఇవాళ డబ్బు పెట్టి కొనడంలో అర్థం లేదు. ఇంట్లో మూలన పడి ఉంటే ప్రయోగం చేసుకోవచ్చు, అంతే. తొలి 32 బిట్ ప్రాసెసర్ వాటి సంగతి మరీ కష్టం. ఉబుంటు డెస్క్‌టాప్ 2017లోనే 32 బిట్ ఇమేజ్‌లు ఆపేసింది. 2025లో వచ్చిన డెబియన్ 13తో అక్కడా 32 బిట్ ఇన్‌స్టాలర్ పోయింది.

ఫర్మ్‌వేర్ పాస్‌వర్డ్ ఉన్న మ్యాక్‌లో ఆప్షన్ నొక్కగానే తాళం బొమ్మ, పక్కన ఒక ఖాళీ డబ్బా వస్తాయి. 2010 వరకు వచ్చిన చాలా మోడళ్లలో ర్యామ్ ముక్క ఒకటి తీసి, ఎన్‌వీర్యామ్ (బూట్ సెట్టింగులు దాచుకునే చిన్న మెమరీ) రీసెట్ చేస్తే ఆ తాళం ఊడేది. 2011 నుంచి ఆ ఉపాయం పనిచేయదు. అసలు కొన్న బిల్లు చూపిస్తే ఆపిల్ తరఫున తీస్తారు. చేతులు మారి వచ్చిన మెషిన్‌కు ఆ బిల్లు ఎవరి దగ్గర ఉంటుంది? కాబట్టి షాపులో డబ్బులివ్వక ముందే ఆప్షన్ నొక్కి చూడటం, మొత్తం పరీక్షల్లోకీ ముఖ్యమైనది. పట్టేది పది సెకన్లు.

ఇక ఇన్‌స్టాల్ అయ్యాక వచ్చేది ప్రశ్నార్థకం ఉన్న ఫోల్డర్ బొమ్మ. దీనికి రెండు అర్థాలున్నాయి. డిస్కే కనబడటం లేదు, లేదా డిస్కు కనబడుతోంది గానీ బూట్ ఫైలు దొరకలేదు. లైవ్ పెన్‌డ్రైవ్ (ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిపేది) నుంచి లినక్స్ తెరిచి డిస్కుల జాబితా చూస్తే ఏదో తేలిపోతుంది. డిస్కు ఒకసారి కనబడి మరోసారి మాయమవుతూ, కెర్నెల్ (లినక్స్‌కు గుండెకాయ లాంటి భాగం) సందేశాల్లో లింకు రీసెట్ అని మళ్లీ మళ్లీ పడుతుంటే అది కేబుల్ జబ్బు. 2012 నాటి ఏ1278లో డిస్కును బోర్డుకు కలిపే పల్చటి రిబ్బన్ కేబుల్ చెడిపోవడం అందరికీ తెలిసిన లోపం. కేబుల్ కంటే డిస్కు ఖరీదు కాబట్టి, కొత్త ఎస్‌ఎస్‌డీ కొని వేశాక కూడా అదే బొమ్మ వచ్చి నివ్వెరపోయేవాళ్లు ఎందరో.

డిస్కు స్థిరంగా కనబడుతుంటే లోపం బూట్ ఫైలుది. లినక్స్ తన బూట్ ఫైలు చిరునామాను ఎన్‌వీర్యామ్‌లో రాసి పెడుతుంది. రీసెట్ చేస్తే అది చెరిగిపోతుంది. గ్రబ్ అనే లినక్స్ బూట్ లోడర్‌ను ‘రిమూవబుల్’ పద్ధతిలో ఇంకోసారి ఇన్‌స్టాల్ చేస్తే, చిరునామా లేకపోయినా ఫర్మ్‌వేర్ తనంతట తాను వెతికే చోటే ఫైలు పడుతుంది. బూట్ అవుతోంది గానీ ముందు అర నిమిషం తెల్ల తెర నిలిచిపోతోందంటే, ఫర్మ్‌వేర్ తనకు అలవాటైన ఆపిల్ డిస్కు కోసం వెతుకుతోందని అర్థం. ఆప్షన్ వరుసలో కంట్రోల్ మీట పట్టుకుని లినక్స్ డిస్కును ఎంచుకుంటే అదే డిఫాల్ట్‌గా స్థిరపడి, ఆ ఆలస్యం సాధారణంగా పోతుంది.

వైఫై: అసలు ముడి

ఫిర్యాదుల్లో పెద్ద వాటా దీనిదే. పాత మ్యాక్‌లలో వైఫై చిప్‌లు చాలావరకు బ్రాడ్‌కామ్‌వి. ఇలాంటి చిప్‌కు ఆన్ చేసిన ప్రతిసారీ ఫర్మ్‌వేర్ అనే చిన్న ప్రోగ్రాం డ్రైవర్ ద్వారా అందాలి. అది అందకపోతే చిప్ ఉన్నట్టు కనిపిస్తుంది గానీ నెట్‌వర్క్‌లు చూపదు. చాలా బ్రాడ్‌కామ్ చిప్‌ల ఫర్మ్‌వేర్‌ను డిస్ట్రోలు తమ డిస్కులో పెట్టి పంచేందుకు లైసెన్సు ఒప్పుకోలేదు. అందుకని ఇన్‌స్టాల్ అయ్యాక దాన్ని ఇంటర్నెట్ నుంచి దింపుకోమంటాయి. ఇంటర్నెట్ కావాలంటే వైఫై కావాలి, వైఫై కావాలంటే ఇంటర్నెట్ కావాలి. ఎయిర్‌కు, రెటినా మోడళ్లకు లాన్ పోర్టు కూడా లేదు.

ఊళ్లలో ఈ ముడి విప్పేది ఆండ్రాయిడ్ ఫోనే. ఛార్జింగ్ వైరుతో మ్యాక్‌కు కలిపి, సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే లినక్స్ దాన్ని వైరు నెట్‌వర్క్‌గా గుర్తిస్తుంది. డ్రైవర్లు దింపడానికి ఫోన్ డేటా సరిపోతుంది. వైరు ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే చవక రకం కాకూడదు, డేటా కూడా పోవాలి.

తర్వాత ఏ చిప్ అన్నది చూడాలి. టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్‌ను -nn చేర్చి ఇస్తే నెట్‌వర్క్ వరుసలో చిప్ పేరు, దానితో పాటు ‘14ఈ4:43ఏ0’ లాంటి గుర్తింపు సంఖ్య వస్తాయి. మొదటి సగం బ్రాడ్‌కామ్‌ది, రెండో సగం చిప్‌ది. ఆ రెండో సగాన్ని బట్టే మందు.

2012 ఎయిర్‌లో ఉన్నది బీసీఎం43224. బ్రాడ్‌కామ్ 2010లో కొన్ని చిప్‌లకు స్వయంగా ఓపెన్ సోర్స్ డ్రైవర్ విడుదల చేసింది, ఇది అందులో ఒకటి. కెర్నెల్‌లోనే ఉన్న డ్రైవర్‌తో పనిచేస్తుంది, ఏమీ చేయనక్కరలేదు. 2012 నాటి 13 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రో (ఏ1278)లో బీసీఎం4331 ఉంటుంది. దీనికి బీ43 అనే డ్రైవర్ ఉంది, చిప్ పని తీరును బయటినుంచి గమనించి ఔత్సాహికులు రాసింది. ఫర్మ్‌వేర్ ఒక్కటి విడిగా దింపితే చాలు. 2013 నుంచి వచ్చిన ఎయిర్‌లలో, 2013 చివర్లో, 2014లో వచ్చిన ప్రోలలో బీసీఎం4360 వచ్చింది. అసలు పోరు దీనితోనే. దీనికి బీ43 పనికిరాదు. బ్రాడ్‌కామ్ ఇచ్చిన ‘డబ్ల్యూఎల్’ అనే మూసిన డ్రైవర్ ఒక్కటే దిక్కు. వింతేమిటంటే, ఆ తర్వాతి 2015 ప్రోలలో బీసీఎం43602 ఉంది, దానికి కెర్నెల్‌లోనే డ్రైవర్, పంచుకోదగ్గ ఫర్మ్‌వేర్ రెండూ ఉన్నాయి. అంటే పాతదానికి వైఫై వస్తుంది, కొత్తదానికి వస్తుంది, మధ్యదానికి రాదు. ‘పాతబడ్డ కొద్దీ కష్టం’ అనే మామూలు లెక్క ఇక్కడ చెల్లదు.

డబ్ల్యూఎల్ డ్రైవర్ ఎందుకు పదే పదే తెగుతుందో కూడా అర్థం చేసుకోవాలి. బ్రాడ్‌కామ్ దాన్ని 2015 తర్వాత ముట్టుకోలేదు. లోపలి భాగం మూసిన పెట్టె, చుట్టూ ఒక పల్చటి సోర్స్ కోడ్ తొడుగు. కెర్నెల్ మారినప్పుడల్లా ఆ తొడుగును కొత్త కెర్నెల్‌కు తగ్గట్టు తిరిగి కంపైల్ చేయాలి, ఆ పని డీకేఎంఎస్ అనే ఏర్పాటు చూస్తుంది. కంపైల్‌కు కావలసిన కొత్త కెర్నెల్ హెడర్ ఫైళ్లు లేకపోయినా, డిస్ట్రో వాళ్లు ఆ కెర్నెల్‌కు అతుకు ఇంకా వేయకపోయినా కంపైల్ ఆగిపోతుంది. రాత్రి అప్‌డేట్ చేసి పడుకుంటారు, పొద్దున ఆన్ చేస్తే వైఫై ఉండదు. బూట్ మెనూలో ‘అడ్వాన్స్‌డ్’ కింద పాత కెర్నెల్‌ను ఎంచుకుంటే తిరిగి వస్తుంది. అలా వచ్చిందంటే రోగ నిర్ధారణ కూడా అయిపోయినట్టే. ఈ చిప్ ఉన్నవాళ్లు కెర్నెల్ తరచూ మారే డిస్ట్రోల జోలికి పోకుండా, డెబియన్ స్టేబుల్ లేదా ఉబుంటు ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు వెర్షన్)ను మొదట వచ్చిన కెర్నెల్‌తోనే వాడుకోవడం తెలివైన పని. డిస్ట్రో ఎంపికకు నిజంగా విలువ ఉండే సందర్భం ఇదొక్కటే.

ఇంకో చిక్కు మనిషి చేతులారా తెచ్చుకునేది. పని కాలేదని బీ43, డబ్ల్యూఎల్, మరొకటి అన్నీ ఒకదాని మీద ఒకటి వేస్తారు. డబ్ల్యూఎల్ ప్యాకేజీ తనకు అడ్డొస్తాయని మిగతా డ్రైవర్లను బ్లాక్‌లిస్ట్‌లో పెడుతుంది. తర్వాత దాన్ని తీసేసినా, కొన్నిసార్లు ఆ బ్లాక్‌లిస్ట్ ఫైలు మిగిలిపోయి సరైన డ్రైవర్‌ను కూడా రానివ్వదు. ఒక ప్రయత్నం పూర్తిగా వెనక్కి తీసుకున్నాకే రెండోది మొదలుపెట్టాలి.

విసిగిపోయినవాళ్లకు మరో దారి ఉంది. లినక్స్ కెర్నెల్‌లోనే డ్రైవర్ ఉన్న చిన్న యూఎస్‌బీ వైఫై డాంగిల్. పోర్టు ఒకటి పోతుంది, ఖర్చు కొన్ని వందలు. వారం రోజుల తంటా కంటే అది చవకే.

వైఫై కలిసినా పేజీలు తెరుచుకోకపోతే గడియారం చూడాలి. బ్యాటరీ పూర్తిగా చచ్చిన మ్యాక్‌లో తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. ఆ తేదీకి సైట్ల భద్రతా సర్టిఫికెట్లు ఇంకా ‘పుట్టలేదు’ కాబట్టి బ్రౌజర్ తిరస్కరిస్తుంది, ప్యాకేజీ అప్‌డేట్ కూడా ఆగుతుంది. తేదీ సరిచేస్తే చాలు.

తెర నల్లబడితే, గీతలు పడితే

2008–2010 మ్యాక్‌ల ఎన్విడియా చిప్‌లకు రెండు డ్రైవర్లున్నాయి. ఒకటి ఓపెన్ సోర్స్ నువో. రెండోది ఎన్విడియా 340 వరుస డ్రైవర్, దానికి ఆ సంస్థ మద్దతు 2019 చివరితో ఆగింది. కొత్త కెర్నెళ్లతో అది కలవడమే కష్టం. అందుకని నువోతోనే సర్దుకుపోవాలి, వేగం తగ్గినా.

బూట్ మధ్యలో తెర నల్లబడితే అందరూ చెప్పే చిట్కా ‘నోమోడ్‌సెట్’. గ్రబ్ మెనూలో ఆ మాట చేరిస్తే కెర్నెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ జోలికి పోకుండా, ఫర్మ్‌వేర్ ఇచ్చిన తెరతోనే సరిపెట్టుకుంటుంది. తప్పు గ్రాఫిక్స్‌లోనే ఉందా అన్నది తేల్చే పరీక్షగా అది మంచిది. దాన్ని శాశ్వతంగా ఉంచేస్తే వీడియో నత్తనడక నడుస్తుంది, వెలుతురు తగ్గించే మీటలు పనిచేయవు.

2011 నాటి 15 అంగుళాల ప్రోలది వేరే కథ. వాటిలో ఇంటెల్ గ్రాఫిక్స్‌తో పాటు ఏఎండీ రేడియాన్ చిప్ కూడా ఉంది. ఆ రేడియాన్ వేడికి దెబ్బతిని తెర మీద గీతలు, రంగుల మచ్చలు, ఆఖరికి తెల్ల తెర వచ్చేవి. ఫిర్యాదులు పెరిగాక ఆపిల్ 2015 ఫిబ్రవరిలో ఉచిత మరమ్మతు కార్యక్రమం ప్రకటించింది. అది 2016తో ముగిసింది. సెకండ్ హ్యాండ్‌లో ఇవి అనుమానం వచ్చేంత చవగ్గా దొరకడానికి కారణం ఇదే. హాట్ ఎయిర్ గన్‌తో చిప్‌ను వేడి చేసి ‘బాగు చేశాం’ అని అమ్మినవి కొన్ని వారాలు నడిచి మళ్లీ మొదటికొస్తాయి.

లినక్స్‌లో వీటికి మ్యాక్‌ఓఎస్ కంటే సులువైన మార్గం ఉండటం విశేషం. రెండు చిప్‌ల మధ్య తెరను మార్చే జీమక్స్ అనే భాగానికి గ్రబ్ నుంచే ఆదేశాలిచ్చి, రేడియాన్‌కు కరెంటు ఆపేసి, ఇంటెల్ చిప్‌తోనే నడిపించవచ్చు. మెషిన్ చల్లగా ఉంటుంది, బ్యాటరీ కూడా ఎక్కువసేపు వస్తుంది. నష్టం ఒక్కటే. బయటి మానిటర్ పోర్టు రేడియాన్‌కే కలిపి ఉంటుంది కాబట్టి ప్రొజెక్టర్‌కు, టీవీకి పెట్టుకోలేరు. సెమినార్లు ఇచ్చే విద్యార్థికి ఇది చిన్న నష్టమేమీ కాదు.

వేడి, బ్యాటరీ, ఇక్కడి ఎండలు

ఆపిల్ తన లాప్‌టాప్‌లు వాడటానికి సూచించే గది ఉష్ణోగ్రత 10 నుంచి 35 డిగ్రీలు. నల్లగొండ జిల్లాలో మే నెల మధ్యాహ్నం బయట 45 డిగ్రీలు తాకుతుంది. రేకుల గదిలో, స్లాబు కింద ఫ్యాన్ గాలిలో కూర్చుని వాడే మెషిన్ మొదలుపెట్టేటప్పటికే హద్దు దాటి ఉంటుంది. దానికి తోడు పదేళ్ల దుమ్ము, ఎండిపోయిన థర్మల్ పేస్టు.

మ్యాక్‌లో ఫ్యాన్‌ను నడిపేది ఎస్‌ఎంసీ అనే చిప్. లినక్స్ కింద అది ఫ్యాన్ వేగాన్ని ఆలస్యంగా పెంచుతుందని, వేడి బాగా ఎక్కాకే మేల్కొంటుందని వాడేవాళ్ల అనుభవం. ఎంబీపీఫ్యాన్ అనే చిన్న ప్రోగ్రాం వేస్తే ఉష్ణోగ్రతను బట్టి ముందే తిప్పుతుంది. చప్పుడు పెరుగుతుంది, మెషిన్ బతుకుతుంది. ఇందుకు భిన్నంగా ఆన్ చేయగానే ఫ్యాన్ పూర్తి వేగంతో గోల చేస్తుంటే, ఏదో ఒక సెన్సర్ తెగిందని ఎస్‌ఎంసీ జాగ్రత్త పడుతోందన్నమాట. తెరో బ్యాటరీయో మార్చినప్పుడు ఒక చిన్న కనెక్టర్ సరిగ్గా కూర్చోకపోతే ఇలా అవుతుంది.

‘లినక్స్ వేశాక మరీ నెమ్మదైంది’ అనే ఫిర్యాదు వెనక చాలాసార్లు ఉండేది బ్యాటరీ. మ్యాక్‌బుక్ పని ఒక్కసారిగా పెరిగినప్పుడు ఛార్జర్ ఇవ్వగలిగిన దానికంటే ఎక్కువ కరెంటు లాగుతుంది, ఆ లోటును బ్యాటరీ పూడుస్తుంది. బ్యాటరీ లేకపోతే మెషిన్ హఠాత్తుగా ఆగిపోకుండా ఆపిల్ ప్రాసెసర్ వేగాన్నే తగ్గించేసింది. ఉబ్బిన బ్యాటరీ తీసేసి, ‘ఛార్జర్ మీద నడుస్తుంది లెండి’ అని అమ్మే మెషిన్లు ఈ బాపతే. ప్రాసెసర్ వేగం చూపే కమాండ్ ఇస్తే ఎంత పని పెట్టినా కింది గీత దాటదు. డిస్ట్రో ఎన్నిసార్లు మార్చినా అక్కడే ఉంటుంది. ఆ అడ్డును సాఫ్ట్‌వేర్‌తో తీసేసే చిట్కాలు ఉన్నాయి గానీ, వేడెక్కితే ఆపమని చెప్పే సంకేతాన్ని కూడా అవి పక్కన పెడతాయి. కరెంటు వచ్చీపోయీ ఉండే చోట బ్యాటరీ లేని లాప్‌టాప్ ఎలాగూ సగం పనిముట్టే. కొత్త బ్యాటరీ ధరను కొనుగోలు ధరలో కలిపి బేరం ఆడాలి.

చిన్న చిన్న చికాకులు

హెడ్‌ఫోన్ రంధ్రంలోంచి ఎర్రటి వెలుగు వస్తుంటే అది మంట కాదు. ఆ జాక్‌లో ఆప్టికల్ డిజిటల్ ఆడియో కూడా ఉంది, లినక్స్ దాన్ని ఆన్‌లో వదిలేసింది. ధ్వని సర్దే ఆల్సామిక్సర్ ప్రోగ్రాంలో ఎస్‌పీడీఐఎఫ్‌ను (ఆ డిజిటల్ దారిని) మ్యూట్ చేస్తే ఆరిపోతుంది. మూత మూసిన మరుక్షణం మెషిన్ తిరిగి మేల్కొంటుంటే, నిద్ర నుంచి లేపే హక్కున్న భాగాల జాబితాలో యూఎస్‌బీ కంట్రోలర్‌ను ఆపాలి. ఎఫ్1, ఎఫ్2 మీటలు మామూలుగా పనిచేయాలంటే ఆపిల్ కీబోర్డు డ్రైవర్‌లో ఫంక్షన్ మోడ్‌ను 2కు మార్చాలి.

కెమెరా మాత్రం ముందే తెలుసుకోదగ్గది. 2012 వరకు వచ్చిన ఎయిర్‌లలో కెమెరా యూఎస్‌బీ మీద నడుస్తుంది కాబట్టి పెట్టగానే పనిచేస్తుంది. 2013 నుంచి వచ్చిన వాటిలో కెమెరాకు కెర్నెల్‌లో డ్రైవర్ లేదు. బయటి డ్రైవర్ కంపైల్ చేసి, ఫర్మ్‌వేర్‌ను మ్యాక్‌ఓఎస్ నుంచి వెలికి తీయాలి. కెర్నెల్ మారితే మళ్లీ అదే పని. ఆన్‌లైన్ ఇంటర్వ్యూలకని కొనేవాళ్లు ఫోన్ కెమెరాతోనో, యూఎస్‌బీ వెబ్‌క్యామ్‌తోనో సరిపెట్టుకోవాలి.

తెలుగు పని

యూనికోడ్ తెలుగుకు లినక్స్‌లో ఏ లోటూ లేదు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉంటుంది, ఐబస్ అనే టైపింగ్ సాధనంతో ఇంగ్లిష్ అక్షరాల మీదుగా టైపు చేసే పద్ధతులూ ఉన్నాయి. డెబియన్, ఉబుంటులలో ‘తెలుగువిజయం’ అనే ఫాంట్ల ప్యాకేజీ వేస్తే గిడుగు, గురజాడ, మండలితో పాటు ఈ ప్రాంతపు మనిషి, గోలకొండ పత్రిక సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి పేరున్న ఫాంట్ కూడా వస్తుంది. పాత మ్యాక్‌లలో రెటినా స్క్రీన్ ఉన్నవాటి మీద తెలుగు ఒత్తులు, వట్రుసుడులు చాలా లాప్‌టాప్‌ల కంటే స్పష్టంగా కనిపిస్తాయి. ఇది చిన్న విషయంగా కొట్టిపారేయదగ్గది కాదు.

డీటీపీ వాళ్లది వేరే లెక్క. పెళ్లి కార్డులు, కరపత్రాలు, ఫ్లెక్సీలు చేసే షాపుల్లో పని ఇప్పటికీ అను ఫాంట్లతో, పేజ్‌మేకర్‌తో, కోరల్‌డ్రాతో సాగుతోంది. అను యూనికోడ్ కాదు, ఆ సాఫ్ట్‌వేర్ విండోస్‌ది. పాత ఫైళ్లను లినక్స్‌లో తెరిచి దిద్దుకోవచ్చనే భరోసాతో మ్యాక్ కొంటే పని ఆగిపోతుంది. ఇంక్‌స్కేప్, స్క్రైబస్ లాంటి లినక్స్ డిజైన్ సాఫ్ట్‌వేర్లతో కొత్తగా యూనికోడ్‌లో మొదలుపెట్టేవాళ్లకు మాత్రం ఇబ్బంది లేదు.

ఏది కొనవచ్చు, ఏది వద్దు

మొత్తం మీద జిల్లాలో మరమ్మతు చేయించుకోగలిగి, లినక్స్‌తో పేచీ తక్కువగా ఉండేది 2012 నాటి 13 అంగుళాల ప్రో (ఏ1278). ర్యామ్, డిస్కు, బ్యాటరీ మూడూ మామూలు స్క్రూడ్రైవర్ల సెట్‌తో మార్చుకోవచ్చు. మోయడానికి తేలిగ్గా, 8 జీబీతో దొరికితే 2015 లేదా 2017 ఎయిర్ కూడా పరవాలేదు, వైఫై డ్రైవర్ వ్యవహారం తెలిసి కొంటే. 2015 ప్రో దొరికితే వైఫై బెడద కూడా ఉండదు గానీ, దాని బ్యాటరీ పై కేసుకు జిగురుతో అతికించి ఉంటుంది, మార్చడానికి చేయి తిరిగినవాళ్లు కావాలి.

2016, 2017 ప్రోలలో కీబోర్డు, ట్రాక్‌ప్యాడ్ కలిపే పద్ధతే మారిపోయింది. దానికి డ్రైవర్ 2019లో వచ్చిన కెర్నెల్ 5.3 నాటికి గానీ చేరలేదు. స్పీకర్లు, నిద్ర విషయంలో ఇప్పటికీ సతాయిస్తాయి. 2018 నుంచి వచ్చిన ఇంటెల్ లాప్‌టాప్‌లలో టీ2 అనే భద్రతా చిప్ ఉంది. లినక్స్ బూట్ కావాలంటే మ్యాక్‌ఓఎస్ రికవరీలోకి వెళ్లి సెక్యూర్ బూట్ ఆపాలి, బయటి డిస్కుకు అనుమతి ఇవ్వాలి. అందుకు ఆ మెషిన్ మీద అడ్మిన్ పాస్‌వర్డ్ తెలిసి ఉండాలి. ఆ పైన కీబోర్డు, ధ్వని అన్నీ టీ2 ద్వారానే నడుస్తాయి కాబట్టి అతుకులు వేసిన ప్రత్యేక కెర్నెల్ కావాలి. వీటిని పాత యజమాని తన ఆపిల్ ఖాతా నుంచి తప్పించకుండా అమ్మితే యాక్టివేషన్ లాక్ పడి, ఎంత ఖరీదైన మెషిన్ అయినా ఇటుకే. ఈ తరం కొనాలనుకుంటే యజమాని ఎదురుగా ఉండగానే ఖాతా తీయించి, రికవరీ తెరిచి చూసుకుని డబ్బివ్వాలి.